మూడో ఫేజు

లిఫ్టు మెకానిక్ చనిపోయిన గంటకల్లా లిఫ్టు నిక్షేపంగా నడుస్తోంది. పెద్దాయనకి అనుమానం వచ్చింది అక్కడే.

కాన్ఫరెన్సు భవనం కంప్లయింటు రిజిస్టరులో ఉన్నది రెండు ముక్కలే. "మధ్యాహ్నం రెండుంపావు. లిఫ్టు మూడో అంతస్తులో ఆగిపోయింది. మెకానిక్‌ని పిలిపించాం." రెండూ నలభైకి మెకానిక్ బేస్‌మెంటులోని మెషిన్ రూములోకి వెళ్లాడు. మూడింటికి వాచ్‌మన్ టీ ఇద్దామని వెళ్లి చూస్తే కంట్రోల్ ప్యానెల్ ముందు బోర్లా పడి ఉన్నాడు. కుడి అరచెయ్యి కాలిపోయి ఉంది. కరెంటు షాకు, ప్రమాదం అని డాక్టరు రాశాడు. పోలీసు కింద సంతకం పెట్టాడు.

"ప్యానెల్ తలుపు ముట్టుకోగానే మనిషి పోయాడు," అన్నాడు పెద్దాయన. "మూడున్నరకి లిఫ్టు మళ్లీ తిరుగుతోంది. మరి బాగుచేసిందెవరు?"

పెద్దాయన నడిపే గూఢచారి డిపార్ట్‌మెంటు ఆఫీసు కళ్లద్దాల షాపు మీద రెండో అంతస్తులో ఉంటుంది. కిటికీలు తెరవరు. పెద్దాయన ఆ గదిలో ఎవర్నైనా కూర్చోమన్నాడంటే, ఆ విషయం నిలబడి వినేది కాదని అర్థం. ఎదురుగా కూర్చున్న మనిషిని ఆయన రెండుసార్లు కూర్చోమన్నాడు.

ఆ మనిషిని డిపార్ట్‌మెంటులో టెస్టర్ అంటారు. ఎప్పుడు చూసినా చొక్కా జేబులో, కరెంటు తగిలితే వెలిగే నియాన్ టెస్టరు ఒకటి ఉంటుంది. ఏజెంటు కాకముందు పదకొండేళ్లు లిఫ్టు మెకానిక్‌గా చేశాడు. పని నేర్పింది ఇప్పుడు చనిపోయిన ముసలాయనే. పని నేర్పి, పిల్లనిచ్చాడు. ఆ తర్వాత మామా అల్లుడూ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు డిపార్ట్‌మెంటు కొలువులోకి వచ్చారు. లిఫ్టు మెకానిక్‌ని ఏ భవనంలోనైనా రానిస్తారు, వాడి మొహం మాత్రం ఎవరూ చూడరు. గూఢచారికి అంతకన్నా ఏం కావాలి! టెస్టర్ భార్యకి మాత్రం ఈ సంగతి తెలియదు. మొగుడు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు ఆఫీసులో పనిచేస్తున్నాడనీ, తండ్రి లిఫ్టులు తప్ప మరో లోకం ఎరగడనీ ఆమె నమ్మకం.

"అమ్మాయి ఎలా ఉంది?" అడిగాడు పెద్దాయన.

"ఏడవలేదు సార్. నాలుగు రోజులుగా తన వైండింగు షాపులో కూర్చుని కాలిన మోటార్లకి తీగ చుడుతోంది. 'మా నాన్న నలభై ఏళ్లు కరెంటుతో కాపురం చేశాడు, మెయిన్ తీయకుండా చెయ్యి పెడతాడా' అని పోలీసుని అడిగింది. వయసు మళ్లిందమ్మా అన్నాడు వాడు. అప్పట్నుంచీ మాట్లాడ్డం లేదు."

పెద్దాయన ఫైలు ముందుకి తోశాడు. అట్ట మీద ఒకే పదం, ఉడుం.

"పేరు మనం పెట్టిందే. విదేశీ ముఠా. పట్టుకుంటే వదలరు. సరిహద్దు దగ్గరున్న విషవాయువు ఫ్యాక్టరీ సరుకు అమ్ముకు బతికేది వీళ్లే. ఎల్లుండి పదకొండు గంటలకి ఆ ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు రెండు దేశాల మంత్రులూ సంతకాలు పెడుతున్నారు. ఎక్కడ? ఆ భవనం నాలుగో అంతస్తులో. సిలిండర్లు ఎక్కడెక్కడ దాచారో లిస్టు తయారుచేసింది ఒక్క మనిషి. ఆవిడ దగ్గరుండి సంతకం పెడితేనే ఆ లిస్టు చెల్లుతుంది."

"పంతులమ్మ," అన్నాడు టెస్టర్.

"పంతులమ్మే. డెబ్బై రెండేళ్లు. కెమిస్ట్రీ ప్రొఫెసరు. శాంపిళ్లు తీయబోయి ఆ గ్యాసుకే రెండు కాళ్లూ పోగొట్టుకుంది. చక్రాల కుర్చీలో వస్తుంది. మెట్లెక్కలేదు."

పెద్దాయన ఫైల్లో మరో కాగితం తిప్పాడు.

"లోపల మన మనిషి ఒకామె ఉంది. నెమలి అంటాం. భవనానికి ఈవెంట్స్ మేనేజరు. తమ మనిషని ఉడుం ముఠా అనుకుంటోంది. మన మనిషని మనం అనుకుంటున్నాం."

"ఆవిడేమనుకుంటోంది సార్?"

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

కోడ్ మాటలు చెప్పాడు. వస్తువులు ఇచ్చాడు. కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఒకటి, అందులో ట్రాన్స్‌మిటరు ఉంది, బొత్తాం నొక్కితే నలుగురు ఏజెంట్లు పరిగెత్తుకొస్తారు. కెమెరా ఉన్న కళ్లజోడు ఒకటి. వేషం ఏమిటని టెస్టర్ అడగలేదు. ఖాకీ ఓవరాల్, భుజాన టూల్ బ్యాగు. పదకొండేళ్లు వేసుకున్నదాన్ని ఎవరు వేషమంటారు?

* * *

మర్నాడు మధ్యాహ్నం అతను కొత్త మెకానిక్‌గా ఆ భవనంలోకి అడుగుపెట్టాడు.

రిసెప్షను దగ్గర పూలకుండీలు సర్దిస్తూ ఒకామె నిలబడి ఉంది. నెమలికంఠం రంగు సిల్కు కోటు, సన్నని హీల్స్, గదిలో అందరికన్నా నెమ్మదిగా కదిలే చేతులు. చూసినవాళ్లు మళ్లీ చూసే మనిషి. టెస్టర్ టూల్ బ్యాగు దించాడు.

"ఈ లిఫ్టు ఎంతమందిని మోస్తుంది మేడమ్?"

"నమ్మినవాళ్లందర్నీ," అందామె. కోడ్ సరిపోయింది. వెంటనే గొంతు తగ్గించి, "పాపం, మీ ముందు పనిచేసిన మెకానిక్ చాలా మంచాయనండీ," అంది.

మెషిన్ రూము బేస్‌మెంటులో కారిడారు చివర ఉంది. గోడలకి చెమ్మ. మూల ఇసుక బకెట్లు, కర్ర తొడిగిన చీపురుకట్ట ఒకటి, కాలు విరిగిన చెక్క స్టూలు. హైడ్రాలిక్ లిఫ్టుకి పైన తాళ్లూ చక్రాలూ ఉండవు. ఇనప్పెట్టెలాంటి ట్యాంకులో నూనె, ఆ నూనెలో మునిగి మోటారూ పంపూ ఉంటాయి. మోటారు నూనెని తోస్తుంది, నూనె పిస్టన్ని తోస్తుంది, పిస్టన్ మనుషుల్ని మోస్తుంది. అందుకే ఇలాంటి లిఫ్టులో ప్రాణం కింద ఉంటుంది, నమ్మకం పైన ఉంటుంది.

"ముందు చూడు, తర్వాత వాసన పట్టు, తర్వాత విను. ముట్టుకోవడం ఆఖర్న," అనేవాడు మామయ్య. టెస్టర్ అలాగే చేశాడు. ప్యానెల్ తలుపు అంచున నల్లటి మచ్చ ఒకటి కనిపించింది. అరచెయ్యంత. దాని మీద ఎవరో పెయింటు పూయబోయి మధ్యలో వదిలేశారు. టార్చి వేసి ప్యానెల్ కిందకి చూశాడు. ఎర్త్ వైరు కొత్తగా మెరుస్తోంది. పాత వైరు ముక్క గోడలో ఇంకా ఉంది, కత్తెరతో కోసినట్టు నున్నగా.

కళ్లజోడు కెమెరా మూడు ఫొటోలు తీసింది. టెస్టర్‌కి జరిగింది అర్థమైంది. ఎవరో ఎర్త్ కోసి, ప్యానెల్ రేకుకి కరెంటిచ్చి, లిఫ్టు ఆగిపోయిందని ముసలాయన్ని పిలిచారు. మెయిన్ తీద్దామనే ఆయన వెళ్లి ఉంటాడు. మెయిన్ స్విచ్చి ఆ తలుపుకే ఉంది. ఆయన పోయాక కొత్త ఎర్త్ వేసి లిఫ్టు తిప్పింది కూడా వాళ్లే.

తర్వాత మోటారు పని చూశాడు. దానికి ముగ్గురు కాపలాదార్లు. కరెంటు మితిమీరితే పడిపోయి మోటారుని ఆపే ఓవర్‌లోడ్ రిలే ఒకటి. మోటారుకి కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో ఏ ఒక్కటి పోయినా ఆపేసే ఫేజ్ రిలే రెండోది. రాగితీగ వైండింగు పొట్టలో దాక్కుని, వేడెక్కితే కేకపెట్టే థర్మిస్టరు మూడోది. ముగ్గుర్నీ ఒక్కొక్కర్నీ పరీక్షించాడు. ముగ్గురూ మెలకువగానే ఉన్నారు. ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. మామూలు నూనె. ప్యానెల్ మూసి, లక్క కరిగించి సీలు వేశాడు.

"సీలు ముద్ర ఎవరి దగ్గరుంటుంది?" అని తనలోనే గొణుక్కున్నాడు.

"నా లాకర్లో," అంది నెమలి గుమ్మంలోంచి. ఆమె ఎప్పుడొచ్చిందో హీల్స్ చప్పుడు కూడా కాలేదు. "లిఫ్టు సంగతి వదిలెయ్యండి. ముసలాయన ఏదో పసిగట్టాడని అడ్డు తొలగించుకున్నారు, అంతే. అసలు పని పైన. రేపు ఫొటోగ్రాఫర్లలో ఒకడి కెమెరాలో తుపాకీ ఉంటుంది. తెల్ల గ్లౌజులు వేసుకుంటాడు. గ్లౌజు అనే పిలుస్తారు వాణ్ని."

గతంలో ఆమె ఇచ్చిన కబురు మూడుసార్లు నిజమైంది. పెద్దాయన నలుగురు ఏజెంట్లనీ నాలుగో అంతస్తుకి ఎక్కించాడు. టెస్టర్ని కూడా.

* * *

సంతకాల రోజు పొద్దున పదీ ముప్ఫై ఐదు. నాలుగో అంతస్తు హాలులో మైకులు సరిచూసే మిషతో టెస్టర్ ఫొటోగ్రాఫర్ల చేతులు చూస్తున్నాడు. పన్నెండు మంది. ఒక్కడికీ గ్లౌజులు లేవు. మంత్రులిద్దరూ వచ్చి కూర్చున్నారు. నెమలి ఎక్కడా కనపడలేదు.

జేబులో ఫోను అదిరింది. భార్య. కట్ చేశాడు. మళ్లీ అదిరింది. మళ్లీ కట్ చేశాడు. మూడోసారి తీసి, "పనిలో ఉన్నాను, తర్వాత..." అనబోయాడు.

"నాన్న తెచ్చిన మోటారు విప్పానండీ."

ఆరు రోజుల తర్వాత ఆమె గొంతు అదే మొదటిసారి వినడం.

"ఏ మోటారు?"

"పోయే ముందురోజు తోపుడుబండి మీద వేయించుకుని షాపుకి తెచ్చారు. 'అమ్మాయ్, ఇదెలా చచ్చిందో చూసి చెప్పు, ఎవరితోనూ అనకు' అన్నారు. ఆ కాన్ఫరెన్సు భవనం వెనక షెడ్డులో పడుందట. మర్నాడే ఆయన... దాన్ని విప్పడానికి నాకు ఇవాళ్టిదాకా చేతులు రాలేదు."

"ఏం కనిపించింది?"

"రెండు ఫేజులు బొగ్గయిపోయాయి. మూడోది నిన్న చుట్టినట్టు తళతళలాడుతోంది. ఒక ఫేజు తీసేశారు. మిగతా రెండింటి మీదా మూలిగి మూలిగి చచ్చింది."

"రిలే పడాలి కదా?"

"పడనిస్తేగా! లోపలి థర్మిస్టరు వైర్లు రెండూ కలిపి మెలేశారు. దీన్ని కావాలని కాల్చారండీ. పైగా ఇందులో లిఫ్టు నూనె వాసన లేదు, పెయింట్లో కలిపే థిన్నరు వాసన. నూనెలో కలిపారు. మోటారు మసలగానే ట్యాంకు భగ్గుమనాలని. లిఫ్టులో ఉన్నదాని సైజే ఇది. అంటుకోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూసుకున్నట్టున్నారు. ఇది రిహార్సల్."

టెస్టర్ లిఫ్టు తలుపు వైపు తిరిగాడు. పొగ పైకి పోయే దారి ఒక్కటే. లిఫ్టు ఎక్కి దిగే బావి. అందులో, రెండు అంతస్తుల మధ్య, ఆగిపోయిన ఇనప్పెట్టెలో, కాళ్లు లేని పంతులమ్మ. రేపు పేపర్లో ఒకే మాట. ప్రమాదం.

"మీరెక్కడున్నారు?" అడిగింది భార్య.

"ఆ భవనంలోనే."

"అనుకున్నా. వ్యానెక్కుతున్నా."

"నువ్వు రావద్దు..."

అప్పటికే పెట్టేసింది.

అతను మెట్ల దగ్గరికి ఉరికి, కమ్మీల మీంచి కిందకి తొంగిచూశాడు. నాలుగంతస్తుల అడుగున, నర్సు తోస్తున్న చక్రాల కుర్చీ లిఫ్టులోకి వెళ్తోంది. "ఆపండి!" అని అరిచాడు. హాల్లో అప్పుడే బ్యాండు మొదలైంది. తలుపులు మూసుకున్నాయి.

క్లాంప్ మీటరు బొత్తాం నొక్కి మెట్లు దూకడం మొదలుపెట్టాడు. నలుగురు ఏజెంట్లూ శిక్షణ ప్రకారం మంత్రుల చుట్టూ గోడ కట్టారు. బొత్తాం నొక్కితే హాలులో తుపాకీ బయటికొచ్చిందనే వాళ్లకి చెప్పి ఉంచారు మరి. టెస్టర్ రెండో అంతస్తు దాటుతుండగా గోడ అవతల లిఫ్టు పైకి పోయిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే దీపాలు ఒక్కసారి మినుకుమన్నాయి. లిఫ్టు చప్పుడు ఆగిపోయింది. కింద పాతాళంలోంచి ఒక శబ్దం మొదలైంది. గొంతు నులిమిన ఎద్దు మూలిగినట్టు. రెండు ఫేజుల మీద మోటారు మూలుగు.

* * *

మెషిన్ రూము తలుపు ఓరగా ఉంది. లోపల థిన్నరు ఘాటు కళ్లలో గుచ్చుకుంది. నేల మీద వంగి ఎవరో లక్క ముక్కలు ఏరుతున్నారు. నెమలికంఠం రంగు కోటు.

"సీలు వేసింది మీరు. విప్పింది నేను," అంది నెమలి తలెత్తకుండానే. లేచేసరికి ఆమె చేతిలో లిప్‌స్టిక్ డబ్బా అంత పిస్తోలు ఉంది. "అక్కడే నిలబడండి. ఇంకో నాలుగు నిమిషాలు, అంతే."

"పైన ఇద్దరాడవాళ్లున్నారు."

"తెలుసు."

వెనక తలుపు ధడాలున మూసుకుంది. బయట తాళం తిరిగింది. తలుపుకున్న అద్దపు బిళ్లలోంచి తెల్ల గ్లౌజు ఒకటి క్షణం కనిపించి మాయమైంది.

నెమలి పరుగున వెళ్లి తలుపు బాదింది. "నేనింకా లోపలున్నాను! ఏయ్! నేనున్నాను!" అవతల అడుగుల చప్పుడు తాపీగా దూరమైంది.

"వాడికి తెలుసు మీరున్నారని," అన్నాడు టెస్టర్. "రెండు వైపుల గుట్టూ తెలిసిన మనిషి ఏ వైపునా బతికి ఉండకూడదు కదా."

ఆమె తలుపు బాదడం ఆపింది. పిస్తోలు మాత్రం దించలేదు. ట్యాంకు మూత సందులోంచి సన్నటి పొగ లేస్తోంది. మూలుగు పెద్దదైంది. పైన ఎక్కడో, లిఫ్టు బావిలో, టక్ టక్ టక్ మని కొడుతున్నారు. పంతులమ్మ ఏదో ఇనప ముక్కతో గోడ మీద కొడుతోంది. మూడు దెబ్బలు, గ్యాపు, మూడు దెబ్బలు.

"ఏం చెయ్యాలి?" అంది నెమలి చివరికి.

"ముందు అది దించండి. చేతులు కావాలి."

ఆమె పిస్తోలు సంచిలో వేసుకుంది. టెస్టర్ క్లాంప్ మీటరు బొత్తాం మరోసారి నొక్కాడు. చుట్టూ కాంక్రీటు. సిగ్నలు బయటికి పోలేదు. దాన్ని పక్కన పడేసి, జేబులోంచి మామయ్య ఇచ్చిన పాత టెస్టరు తీసి, కొసని ప్యానెల్ తలుపుకి ఆనించాడు. నియాన్ బల్బు ఎర్రగా వెలిగింది.

తలుపు నిండా కరెంటు. కొత్త ఎర్త్ వైరు మళ్లీ కోసి ఉంది. మామయ్య కోసం పన్నిన ఉచ్చే, మార్పు లేకుండా, అల్లుడి కోసం. మెయిన్ స్విచ్చి పిడి కూడా విరిచేశారు.

"ఆ రోజు ఆయనకి ఫోన్ చేసింది నేనే," అంది నెమలి పొగలోంచి. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియాలి. "మీ మామగారని అప్పటికి తెలీదు."

"తెలిస్తే?"

"చేసేదాన్నే."

టెస్టర్ పళ్లు బిగించాడు. ఆ గొంతు ఇప్పుడే నులిమేయాలనిపించింది. కానీ పైన దెబ్బలు నెమ్మదిస్తున్నాయి. మూడు, గ్యాపు, రెండు.

"ఆ చీపురుకట్ట ఇలా ఇవ్వండి."

చీపురు కర్ర పొడిగా ఉంది. కాళ్లు నేలకి తగలకుండా ఆ విరిగిన చెక్క స్టూలెక్కి నిలబడి, కర్ర కొసతో ప్యానెల్ తలుపు లాగాడు. లోపల మూడు ఎర్ర వైరు ముక్కలు కనిపించాయి. ముగ్గురు కాపలాదార్ల నోళ్లకీ చిక్కాలు కట్టినట్టు, మూడు రిలేల మీదా మూడు అడ్డదారులు. ఓవర్‌లోడ్ రిలే ఎప్పుడో పడిపోయి ఉంది పాపం. దాని మాట వినేవాళ్లే లేరు.

ఎంత పడిపోయినా దానికి అడ్డదారి ఉన్నంతసేపూ మోటారు ఆగదు. రెండో చెయ్యి ఎక్కడా తగలకూడదని ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. కుడిచేత్తో టెస్టరు మొనని ఎర్ర వైరు కిందికి దూర్చాడు. ప్యానెల్ రేకుకీ వేళ్లకీ మధ్య బియ్యపు గింజంత దూరం. చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకునే చెయ్యి వీపు వెనక ఉంది.

"తొందరగా!" అంది నెమలి.

"తొందరపడే ఆయన పోయాడంటారు పోలీసులు," అని వైరుని మీటాడు.

వైరు ఎగిరిపడింది. మోటారుకి కరెంటిచ్చే కాంటాక్టరు స్విచ్చి టక్కున పడింది. మూలుగు ఆగింది.

ఆ నిశ్శబ్దంలో ట్యాంకు లోపల నూనె కుతకుతలాడ్డం వినిపించింది. మూత సందులో నీలిరంగు నాలిక ఒకటి బయటికొచ్చి చుట్టూ తడుముకుంది.

టెస్టర్ స్టూలు మీంచి దూకి ఇసుక బకెట్టు ఎత్తాడు. "వాల్వు! ట్యాంకు పక్కన ఇత్తడి దిమ్మ ఉంది చూడండి, ఎర్ర గుండీ ఉంటుంది. నొక్కి పట్టుకోండి. నూనె వెనక్కొస్తుంది, లిఫ్టు దిగుతుంది!"

"గుండీ లేదు! పీకేశారు. చిన్న కన్నం ఉంది, అంతే."

"కన్నంలో పుల్ల ఉంటుంది, దాన్ని లోపలికి తొయ్యాలి." చుట్టూ చూశాడు. స్క్రూడ్రైవరు పట్టదు, టెస్టరు మొన పట్టదు, వేలు పట్టదు. అతని చూపు కిందికి జారింది. "మీ చెప్పు తీయండి."

నెమలి అర్థం చేసుకుంది. చెప్పు హీల్ సూదిలా సన్నం. కన్నంలో సరిగ్గా దిగింది. ఇత్తడి దిమ్మ నిప్పులా కాలుతోంది. ఆమె అరిచింది, కానీ చెయ్యి తీయలేదు. పైపులో నూనె బుసకొట్టింది. లిఫ్టు బావిలో ఇనుము కిర్రుమంది.

దిగుతోంది.

టెస్టర్ ఒక బకెట్టు మూత మీద కుమ్మరించాడు. ఇంకోటి సందుల్లో కూరాడు. నీలి నాలిక ఇసుక కిందనుంచి రెండుసార్లు తొంగిచూసింది. మూడో బకెట్టే ఆఖరిది. దాన్ని ఎత్తి కుమ్మరించబోతే చేతులు లేవలేదు. బకెట్టుతో సహా మూత మీద బోర్లా పడ్డాడు. ఓవరాల్ కింద పొట్ట చుర్రుమంది. లేవకుండా అలాగే అదిమి పెట్టాడు.

పైన ధడ్‌మని చప్పుడు. లిఫ్టు నేలని తాకింది. ట్యాంకు ఒక్కసారి ఎగశ్వాస తీసినట్టు ఊగి చల్లబడింది.

పొగ మాత్రం గది నిండా ఉంది. నెమలి గోడకి జారిపోయింది. టెస్టర్ తలుపు దగ్గరికి పాకాడు. తన్నాడు. కదల్లేదు. ఊపిరి అందడం లేదు. ఇహ ఇంతే అనుకున్నాడు. తలుపు అవతలనుంచి తాళాన్ని పళ్లతో కొరుకుతున్నట్టు ఒక కీచుమన్న చప్పుడు, ఆపైన ఫెటేలు. తలుపు ఊడివచ్చింది.

గుమ్మంలో అతని భార్య. చేతిలో మోటారు బేరింగులు ఊడదీసే పుల్లరు. వెనక కారిడారులో తెల్ల గ్లౌజుల మనిషి పడి ఉన్నాడు, చేతులూ కాళ్లూ వైండింగు తీగతో కట్టేసి. చుట్లు వరసగా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా.

"తాళం వేసి పోతున్నాడండీ," అంది ఆమె దగ్గుతూ, మొగుడి చంకలో చెయ్యి వేసి లాగుతూ. "లోపల ఎవరైనా ఉన్నారా అంటే లేరన్నాడు. మోటారు రెండు ఫేజుల మీద ఏడుస్తుంటే వినపడదా నాకు? పక్కకి తప్పుకోమంటే తుపాకీ తీశాడు. పుల్లరుతో ఒక్కటిచ్చాను." అతని పొట్ట మీద కాలిన గుడ్డ చూసి పెదవి కొరుక్కుంది. "నాన్నని చంపింది వీడేనా?"

"వీడే. పిలిచింది ఈవిడ." టెస్టర్ దాచదల్చుకోలేదు.

గోడకి చేరబడిన నెమలి కళ్లు తెరిచింది. కుడి అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. మామయ్య చెయ్యిలాగే. భార్య ఆ చేతి వంక చాలాసేపు చూసింది. పుల్లరు పట్టుకున్న పిడికిలి ఒకసారి బిగిసి, సడలింది.

"కుళాయి ఎక్కడుందో చూడండి," అంది చివరికి. "ముందు చేతికి నీళ్లు పొయ్యాలి. కోర్టులో నిజం చెప్తానని రాసివ్వడానికి ఆ చెయ్యి కావాలి."

అప్పుడు ఏడ్చింది. ఆరు రోజుల ఏడుపూ ఆ కారిడారులోనే, టూల్ బ్యాగు మీద కూర్చుని. టెస్టర్ పక్కన కూర్చున్నాడు. ఏ ఆఫీసులో పనిచేస్తున్నారని ఆమె అడగలేదు. ఇద్దరికీ తెలుసు, ఆ ప్రశ్న ఇంటికెళ్లాక వస్తుంది.

* * *

గ్రౌండు ఫ్లోరులో పెద్దాయన మనుషులు లిఫ్టు తలుపులు విడదీశారు. లోపల్నుంచి పొగతో పాటు చక్రాల కుర్చీ బయటికొచ్చింది. పంతులమ్మ మొహం నిండా మసి. తడిపిన చేతిరుమాళ్లు రెండు, ఒకటి తన ముక్కుకీ ఒకటి నర్సు ముక్కుకీ. ఒళ్లో చక్రాల కుర్చీ బ్రేకు కడ్డీ. గోడ మీద కొట్టింది దానితోనే.

"టైమెంతయింది నాయనా?"

"పది యాభై ఎనిమిదమ్మా," అన్నాడు అప్పుడే బేస్‌మెంటులోంచి పైకొచ్చిన టెస్టర్.

"పదకొండింటికి కదూ సంతకాలు? అయితే పద, ఎక్కించు."

టెస్టర్ లిఫ్టు వైపు చూశాడు. "మోటారు కాలిపోయిందమ్మా. ఇహ ఎక్కదు."

పంతులమ్మ నాలుగంతస్తుల మెట్ల వైపు తలెత్తి చూసింది. పైన కమ్మీల మీంచి మంత్రులిద్దరూ, వాళ్ల చుట్టూ నలుగురు ఏజెంట్లూ, పన్నెండు మంది ఫొటోగ్రాఫర్లూ కిందికి తొంగిచూస్తున్నారు.

"మరెలా?"

"వాళ్లనే రమ్మందాం," అన్నాడు టెస్టర్ కాలిన ఓవరాల్ దులుపుకుంటూ. "ఎక్కడానికేనమ్మా మోటారు కావాల్సింది. దిగడానికి బరువుంటే చాలు. మంత్రులకి దానికేం తక్కువ?"